నడుముకో తరగతి

నీటి సరఫరా ఆఫీసులో గణాంకాల విభాగం అంటే ఒక గది, ఒక ఫ్యాను, ఒక సగటు గారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏది కనిపించినా సగటు తీయడం ఆయన అలవాటు. "ఎలా ఉన్నారండీ?" అని అడిగితే "సగటున బాగానే ఉన్నాను" అంటారు. ఎడమ మోకాలు సలుపుతున్నా కుడి మోకాలు కులాసాగానే ఉంది కాబట్టి, రెండూ కలిపి రెండుతో భాగిస్తే ఆరోగ్యమేనని ఆయన ధీమా.

అన్నిటినీ సగటులోకి దింపే ఆ మనిషి ఒంట్లో సగటుకి లొంగనిది ఒక్కటే, పొట్ట. నలుగురూ పొట్ట చేత పట్టుకుని ఉద్యోగానికి వస్తే, ఆయన ఉద్యోగానికి వచ్చాక పొట్ట చేత పట్టుకోవలసి వచ్చింది. దానికి మేత బీరువా మీది బిస్కెట్ల డబ్బా. దానికి రక్ష తెల్లవారుజాము నిద్ర. ఆ రెండూ క్షేమంగా ఉన్నంతకాలం పొట్టకి వచ్చిన లోటేమీ లేదు.

నిద్రకి మాత్రం ఒక శత్రువున్నాడు. పక్క వీధిలోనే కాపురముంటున్న సొంత బావమరిది. కాకులు కూడా ఇంకా ఆవలిస్తుండే వేళకి బూట్లు బిగించి, పరిగెత్తుకుంటూ వచ్చి, పడగ్గది కిటికీ మీద తాళంచెవితో టకటకా కొట్టేవాడు.

"బావా! నీ పొట్ట లేచింది, నువ్వే లేవలేదు!"

సగటు గారు దుప్పటి లోపలినుంచే, "లేదు, ఇంట్లో లేను" అనేవారు.

ఒక సెలవు రోజు ఈ గొడవ హాల్లోకి వచ్చింది. బావమరిది కుర్చీలో కూర్చుని, సోఫాలో సగం పొడుగునా పరుచుకున్న బావగారిని ఎగాదిగా చూశాడు.

"బావా, నువ్వు లార్జ్‌లోకి వెళ్ళిపోయావు. ఒప్పేసుకో."

"నేనా? నేను మీడియం. పుట్టుకతో మీడియం."

"నువ్వు చదివింది తెలుగు మీడియం. నీ నడుముది ఏ మీడియమూ కాదు."

"చూశావా మీ తమ్ముడి నోరు!" అని సగటు గారు వంటింటి గుమ్మం వైపు ఫిర్యాదు పంపారు.

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. బడిలో పిల్లల తగువులు తీర్చీ తీర్చీ అలవాటు పడ్డ టీచరు. ఇంట్లో పెద్దపిల్లలవి తీర్చడం ఆవిడకి లెక్కలోది కాదు.

"నోళ్ళు మూయండిద్దరూ. ఎలాగూ మీ ఆఫీసులో అందరికీ సైజు అక్షరాలు వేసి కొత్త యూనిఫారాలు కుట్టిస్తున్నారు కదా. ప్యాంటు లోపల ఏ అక్షరం ఉంటే అదే తీర్పు. ఎమ్ వస్తే మావాడు మళ్ళీ మన కిటికీ జోలికి రాడు. ఎల్ వస్తే ఏడాది పాటు మీరు వాడి వెనకాల పరిగెత్తాలి. ఆ డబ్బా నాకప్పగించాలి."

"సరే అక్కా, నాకిష్టమే" అన్నాడు బావమరిది, అప్పుడే గెలిచినట్టు కాళ్ళు ఊపుతూ.

సగటు గారు బీరువా పైకి చూశారు. డబ్బా అమాయకంగా మెరుస్తోంది.

"సరే" అన్నారు.

*

కొలతలు తీయడానికి వచ్చిన టైలరు పేరు కత్తెరమ్మ. అసలు పేరు కాదు గానీ, కత్తెర చేతిలో లేకపోయినా మాటతోనే కత్తిరించేది కనక ఆ పేరు అతుక్కుపోయింది. ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని, మెడలో టేపు దండలా వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి నడుము చుట్టూ టేపు తిప్పి అంకె రాసుకుంటోంది.

సగటు గారు వంతు రాగానే ఊపిరి బిగబట్టి పొట్టని వెన్నెముకకి పరిచయం చేశారు.

కత్తెరమ్మ టేపు చుట్టి ఆగింది.

"ఊపిరి వదలండి సార్."

సగటు గారు తల అడ్డంగా ఊపారు. మాట్లాడితే గాలి పోతుంది.

"నాకేం తొందర లేదు. మీరు వదిలేదాకా ఉంటాను."

సగటు గారి ముఖం వంకాయ రంగులోకి తిరిగింది. చెవులు కూడా ఉబ్బాయి. వెనకాల వరసలో నిలబడ్డ వాల్వు ఆపరేటరు, పొడుగ్గా సన్నగా ఉంటాడని అందరూ వెదురు అని పిలిచే మనిషి, జాలిపడి, "రాసెయ్యండమ్మా, లేకపోతే పంచనామా రాయాలి" అన్నాడు.

"నలభై" అని రాసేసింది కత్తెరమ్మ. ఆ తర్వాత సగటు గారు వదిలిన గాలికి బల్లమీది కాగితాలు లేచాయి. అసలు కొలత ఎంతో టేపుకీ ఆయనకీ తెలుసు. ఇద్దరూ బయటపెట్టలేదు.

మర్నాడు మేనేజరు ఆ కొలతల కట్ట తెచ్చి సగటు గారి బల్లమీద పడేశాడు. మేనేజరుది ఆఫీసు మొత్తానికి పెద్ద నడుము, నలభై అయిదు. ఆయన గదిలోకి వచ్చేముందు ఆ నడుము వచ్చేది.

"చూడండి సగటు గారూ, మనిషికో సైజు కుట్టడం కుదరదట. మూడే సైజులు. చిన్న, మధ్య, పెద్ద. మూడంటే మూడే. ఈ అంకెల్ని మూడు గుంపులు చేసి కత్తెరమ్మకి పంపండి. కొత్త పంపు హౌసు ప్రారంభోత్సవానికి అందరం యూనిఫారంలో ఉండాలి, కుటుంబాలతో సహా రావాలి."

"కుటుంబాలకి కూడా యూనిఫారమా సార్?"

"కుటుంబాలు రావాలి అన్నానయ్యా!"

ఆయన వెళ్ళాక సగటు గారు తలుపు దగ్గరగా వేసి నడుం బిగించారు. బిగించడానికి ఆయనకి ఉన్నదీ అదే, పోగొట్టుకోబోయేదీ అదే.

మొదట నిజాయితీగానే మొదలుపెట్టారు. అందరికంటే చిన్న నడుము ఇరవై ఎనిమిది, పెద్దది నలభై అయిదు. తేడా పదిహేడు. మూడుతో భాగిస్తే అయిదూ చిల్లర, కనక తరగతి వెడల్పు ఆరు. ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై నాలుగు చిన్న. ముప్ఫై నాలుగు నుంచి నలభై మధ్య. నలభై నుంచి నలభై ఆరు పెద్ద. ముచ్చటగా మూడు గదులు కట్టారు. ఇంక మనుషుల్ని గదుల్లోకి తోలడమే.

తన అంకె దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది.

నలభై సరిగ్గా గోడమీద కూర్చుంది. అటు మీడియం, ఇటు లార్జ్. గోడమీది అంకెకి రూలుంది. ఎగువ అవధి మీద పడ్డ విలువ ఆ తరగతిలోకి రాదు, పై తరగతికి పోతుంది. ఈ రూలు కొత్తగా చేరిన వాళ్ళందరికీ సగటు గారే నేర్పారు. నేర్పుతూ బల్ల కూడా చరిచారు.

"నలభై, పైకి పో" అని ఆయన రాసుకున్న రూలే ఆయన్ని వేలు పెట్టి లార్జ్ గదిలోకి నెడుతోంది. కిటికీ మీద తాళంచెవి చప్పుడు వినిపించింది. బిస్కెట్ల డబ్బా భార్య చంకలో కనిపించింది.

ఆయన చుట్టూ చూశారు. ఫ్యాను ఒక్కటే చూస్తోంది, అదీ తల తిప్పుకుంటూ.

మొదలు మార్చి చూశారు. ఇరవై ఏడు నుంచి మొదలెడితే మీడియం ముప్ఫై తొమ్మిది దగ్గరే చచ్చింది, ఇంకా అన్యాయం. ఇరవై తొమ్మిది నుంచి మొదలెడితే ఇరవై ఎనిమిది నడుమున్న టైపిస్టు ఏ గదిలోనూ లేక వీధిన పడింది. సగటు గారు పాపానికి భయపడి వెనక్కి వచ్చారు.

అప్పుడు వెడల్పు మీద చూపు పడింది. ఆరే ఎందుకు? ఆరు కంటే తక్కువైతే చాలదు గానీ ఎక్కువైతే తప్పన్న రూలెక్కడుంది? తరగతి అంతరం ఎంచుకోవడం లెక్కరాసేవాడి ఇష్టం. స్వరాలు ఏడు, వారాలు ఏడు, ఇంద్రధనుస్సులో రంగులు ఏడు.

"ఏడు" అనుకున్నారు సంతోషంగా. ఏడుపు తర్వాతి సంగతి.

ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై అయిదు. ముప్ఫై అయిదు నుంచి నలభై రెండు. నలభై రెండు నుంచి నలభై తొమ్మిది. నలభై అనే అంకె మీడియం గది నడుమకి దగ్గరగా దిండేసుకుని పడుకుంది. ఊపిరి వదిలిన కొలతకీ అందులో చోటుంది. సగటు గారి ఆనందానికి అవధులు లేవు. ఉన్న అవధులన్నీ నడుముకే వాడేశారు మరి.

మేనేజరు కాగితం చూసి కనుబొమ్మలు ముడిచాడు.

"ఈ నలభై తొమ్మిది ఎవరయ్యా? ఈ ఆఫీసులో నాకంటే లావుగా ఇంకోడున్నాడా?"

గొంతులో కొంచెం అసూయ కూడా ఉంది.

"లేరు సార్. ముందుచూపుతో వేశాను. రేపు మీరింకా పై కుర్చీలోకి వెళ్తారు. కుర్చీ పెద్దదైతే..."

"ఊఁ" అని మేనేజరు నడుముని ప్రేమగా తడుముకుని సంతకం పెట్టేశాడు.

*

రెండో రోజు కత్తెరమ్మ ఫోను చేసింది.

"సార్, ఇక్కడ ఒక్కో సైజుకి రెండేసి అంకెలు రాశారు. మీడియం ముప్ఫై అయిదు, నలభై రెండు అని. ఇందులో దేనికి కుట్టను?"

ఇక్కడ సగటు గారు నోరు మూసుకునుంటే, లేదా "మీ ఇష్టమమ్మా" అనుంటే, ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ గెలిచిన మనిషి కదా, ఒళ్ళు తెలియడం లేదు. లెక్కల పాఠం చెప్పే అవకాశం వస్తే ఆయన ఎప్పుడూ వదులుకోలేదు.

"అమ్మా, తరగతిలో ఎన్ని విలువలున్నా వాటన్నిటికీ ప్రతినిధి మధ్య విలువ. రెండు అవధులూ కూడి సగం చెయ్యాలి. అంటే ముప్ఫై ఎనిమిదిన్నర. లోపలున్న వాళ్ళంతా సరిగ్గా అక్కడే ఉన్నారని అనుకోవాలి. మేం అలాగే అనుకుంటాం."

"మీరు అనుకుంటారు సరే. నడుములు కూడా అనుకుంటాయా?"

"నేను చెప్తున్నాగా!"

"అలాగే. ముప్ఫై ఎనిమిదిన్నర. నోటితో చెప్పింది మీరే, తర్వాత నా మీదికి రాకండి" అని ఆవిడ ఫోను కత్తిరించేసింది.

యూనిఫారాలు వచ్చాయి. సగటు గారు ప్యాకెట్టు ఇంటికి తెచ్చి, విప్పకుండానే బావమరిదిని పిలిపించారు. ముగ్గురూ హాల్లో నిలబడ్డారు. ఆవిడ నీలం ప్యాంటు పైకెత్తి నడుంపట్టీ తిరగేసింది. లోపల తెల్ల గుడ్డముక్క మీద ఎర్ర దారంతో కుట్టిన అక్షరం, ఎమ్.

బావమరిది ముఖం వాడిపోయింది. ప్యాంటు అందుకుని అక్షరాన్ని గోటితో గీకి చూశాడు. ఊడలేదు.

"ఓడిపోయాను బావా. మాటంటే మాటే. ఇక నీ కిటికీ వైపు రాను."

"రాకు. వచ్చినా నేనింట్లో లేను."

ఆవిడ మాత్రం ఆ అక్షరాన్ని, ఆ తర్వాత భర్త నడుమునీ మార్చి మార్చి చూసింది. బడిలో కాపీ కొట్టిన పిల్లాడి పేపరు కూడా ఆవిడ ముందు అలాగే చూస్తుంది.

ఆ వారం సగటు గారు సూర్యుడు నడినెత్తికి వస్తే గానీ లేవని మనిషిలా నిద్రపోయారు. లేచినప్పుడల్లా డబ్బా మూత తీశారు. ప్యాంటు వేసి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. మీడియం కదా, మీడియం మనిషికి పట్టక ఏం చేస్తుంది?

*

ప్రారంభోత్సవం రోజు పొద్దున్న ప్యాంటు తొడలదాకా స్నేహంగానే వచ్చింది. అక్కణ్ణుంచి పేచీ పెట్టింది. బొత్తానికీ కాజాకీ మధ్య ఒక అరచెయ్యి దూరం. సగటు గారు మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. ఆవిడ మోకాలు మంచానికి ఆనించి రెండు అంచులూ పట్టి లాగింది.

"ఊపిరి వదలండి."

"వదిలితే పెరుగుతుంది."

"అయితే ఆపండి. ఇంకా... ఇంకా... ఏవండీ, ఇది మీడియమేనా? మీకు కుట్టిందేనా?"

"మాట్లాడించకే!"

మొత్తానికి బొత్తం పడింది. సగటు గారు నిలబడ్డారు. పై నుంచి చూస్తే పొట్ట, కింద నుంచి చూస్తే ప్యాంటు, మధ్యలో ఆయన ప్రాణం. ఆవిడ తల వంచి చూసి మెల్లిగా అడిగింది.

"ఇంతకీ మీ ఆఫీసులో ఆ నలభై తొమ్మిది ఎవరండీ?"

"నీకెవరు చెప్పారు?"

"కత్తెరమ్మ. మా బడి యూనిఫారాలు కూడా ఆవిడే కుడుతుంది. గోడ అటు నలభై తొమ్మిదికి జరిగితే, ఇటు మీ నలభై లోపలికొచ్చిందేమో అని అడుగుతున్నానంతే."

సగటు గారు ఉన్న గాలిని పొదుపు చేసుకుంటూ గుమ్మం వైపు నడిచారు.

కొత్త పంపు హౌసు ముందు షామియానా. ఒకవైపు కుటుంబాలు, ఇంకోవైపు సిబ్బంది. మీడియం వాళ్ళంతా రెండో వరసలో ఉన్నారు. ఆ వరసని చూస్తే కడుపు నిండా నవ్వొచ్చు, కడుపు ఖాళీగా ఉన్నవాళ్ళయితే. సగం మంది ఊపిరి బిగబట్టి గుడ్లు మిటకరిస్తున్నారు. మిగతా సగం మంది ప్యాంట్లు చేత్తో పట్టుకుని, ఏదో ప్రమాణం చేస్తున్నట్టు నిలబడ్డారు. వెదురుది ముప్ఫై అయిదు నడుము. బెల్టు మర్చిపోయి వచ్చాడు. రెండు చేతులూ నడుంపట్టీ మీదే ఉన్నాయి.

"ఏం సగటు గారూ, ఇందులో నాతో పాటు ఇంకెవరైనా ఉండాలా? సగం ఖాళీగా ఉంది" అన్నాడు.

"నాదాంట్లో... నాకే... చోటు లేదు" అన్నారు సగటు గారు, ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి అరువు తెచ్చుకుని.

మేనేజరు మాత్రం ముందు వరసలో హాయిగా ఉన్నాడు. నలభై రెండుకీ నలభై తొమ్మిదికీ మధ్య విలువ నలభై అయిదున్నర. ఆయనకి కొలిచి కుట్టినట్టుంది.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, పెద్ద వాల్వు చక్రం మీద చేతులేసి తిప్పబోయాడు. కదల్లేదు. రంగు కొత్తగా వేశారు, పట్టేసింది. ఆయన పళ్ళు బిగించాడు. చక్రం అంతకంటే గట్టిగా బిగించింది.

"సగటు గారూ, వెదురూ, మీరు దగ్గరున్నారు, ఒక చెయ్యి వెయ్యండయ్యా!" అని మేనేజరు కేకేశాడు.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వెదురు ముఖంలో రెండు చేతులూ ఖాళీ లేవన్న సంగతి స్పష్టంగా ఉంది. సగటు గారి ముఖంలో వంగకూడదన్న సంగతి అంతకంటే స్పష్టంగా ఉంది. కానీ పిలిచింది మేనేజరు, చూస్తోంది ముఖ్య అతిథి. వెదురు ప్యాంటు వదిలి చక్రం పట్టుకున్నాడు. సగటు గారు వంగి తోశారు.

చక్రం తిరిగింది. అదే క్షణంలో తరగతి రెండు వైపులా తెగింది. ఎగువన సగటు గారి బొత్తం తూటాలా ఎగిరి ప్రెషర్ మీటరు అద్దానికి టంగుమని తగిలింది. దిగువన వెదురు ప్యాంటు ఏ చప్పుడూ లేకుండా బూట్ల మీదికి జారిపోయింది.

"ప్రెషర్ వచ్చింది!" అని మేనేజరు చప్పట్లు కొట్టాడు, మీటరు చప్పుడు విని. కుటుంబాలు కూడా చప్పట్లు కొట్టాయి, వేరే కారణానికి. అన్నిటికంటే గట్టిగా కొట్టింది బావమరిది. లేచి నిలబడి మరీ కొట్టాడు.

*

మర్నాడు మీడియం వాళ్ళంతా మేనేజరు గదిలోకి వెళ్ళారు. మళ్ళీ కుట్టించమని అడిగారు. మేనేజరు లేచి, అటు తిరిగి, ఇటు తిరిగి, ఒక గుంజీ కూడా తీసి చూపించాడు.

"నాకు బాగానే ఉందే! లోపం ప్యాంటులో ఉంటే నాకూ ఉండాలిగా? రోజూ వేసుకు రావలసిందే. సరిపోయేలా మీరే చూసుకోండి."

గుమ్మం బయటికి రాగానే అందరూ సగటు గారి చుట్టూ మూగారు. ఏడు సంగతి, నలభై తొమ్మిది సంగతి, ఇంట్లో పందెం సంగతి కత్తెరమ్మ నోటి నుంచి అప్పటికే ఊరేగింది.

"మీ నిద్రకోసం మా నడుములు తాకట్టు పెట్టారన్నమాట!" అంది టైపిస్టు. ఆవిడది చిన్న సైజు. ముప్ఫై ఒకటిన్నర ప్యాంటుని రెండు పిన్నీసులు పెట్టి మోస్తోంది.

"ఎల్ వేయించుకునుంటే మీకు హాయిగా ఉండేది కదండీ! బిస్కెట్లకి కూడా చోటుండేది" అన్నాడు వెదురు. ఆ మాట సగటు గారికి అన్నిటికంటే లోతుగా దిగింది. రూలు ప్రకారం ఆరు పెట్టుంటే తనది నలభై మూడు ప్యాంటు. నలభై మూడు! అందులో కూర్చోవచ్చు, వంగవచ్చు, తుమ్మవచ్చు కూడా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బీరువా పైన డబ్బా లేదు.

"పందెం నేను గెలిచానే!"

"గెలిచారు. అందుకే నేను తీసుకోలేదు. వెదురుకి పంపించాను, ప్యాంటు నింపుకోవాలి పాపం. వాళ్ళావిడ అడిగి పట్టుకెళ్ళింది. మీ తరగతివాడేగా. మీరు వెదజల్లిన విలువలు మధ్యకి చేరాలంటే కొందరు తినాలి, కొందరు తగ్గాలి."

ఆవిడ బొత్తం మళ్ళీ కుట్టింది, ఈసారి చెప్పుల దారంతో. ఇక తెగితే ప్యాంటే తెగాలి.

ఆ మర్నాడు, ఇంకా వీధిదీపాలు ఆరకముందే, పక్క వీధిలో ఒక పడగ్గది కిటికీ మీద తాళంచెవి టకటకా మోగింది. లోపల దుప్పటి కదిలింది.

"ఎవరది?"

"నేనే, మీ బావని. లే, పరిగెత్తాలి. వీళ్ళు కూడా వచ్చారు."

బావమరిది కళ్ళు నులుముకుంటూ కిటికీ తెరిచాడు. బయట సగటు గారు, ఆయన వెనకాల మీడియంలో బిగుసుకున్న సగం మంది, అందరూ నీలం ప్యాంట్లలోనే, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"బావా, నువ్వు గెలిచావు. నేను ఓడిపోయాను. పందెం ప్రకారం నేను రాకూడదు" అన్నాడు బావమరిది, ఆవలింతకి మాట అడ్డం పెట్టి. "వారం రోజుల్నించి నేనూ పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇంత సుఖం దాచుకుని నాకు చెప్పలేదేం?"

"నువ్వు నా కిటికీకి రాకూడదు. నీ కిటికీకి నేను రాకూడదని పందెంలో లేదు."

"అయిదు నిమిషాలు బావా..."

"కుదరదు. నా ప్యాంటు లేచింది, నువ్వే లేవలేదు!"

బావమరిది కిటికీ మూసేశాడు. తర్వాత దుప్పటి లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

"లేను బావా. ఇంట్లో లేను."